రక్స్మెయ్‌కి ఇచ్చిన కప్పు

ఐదేళ్ళు నిండిన రోజు నుంచి పదహారేళ్ళు నిండేదాకా రోజూ బడికి వెళ్ళిన పిల్లకి చదవడం రాదన్న సంగతి, ఆ బళ్ళలో ఒక్క మనిషికైనా ఎందుకు తెలియలేదు? దీనికి నాకు ఇప్పటికీ జవాబు దొరకలేదు. వినపడని పిల్ల అయితే పిలిస్తే పలకదు, తెలిసిపోతుంది. చూపు ఆనని పిల్ల అయితే బల్లకి కొట్టుకుంటుంది, తెలిసిపోతుంది. పుస్తకాలే పనిగా ఉన్న చోట, పుస్తకం పట్టుకుని కూర్చున్న పిల్ల దాన్ని చదవడం లేదని అంతమంది టీచర్లకి తెలియకపోవడం ఎలా సాధ్యం? నా వయసుకి చాలా విషయాల మీద కోపం చల్లారిపోయింది. దీని మీద చల్లారలేదు.

ఆ పిల్ల పేరు రక్స్మెయ్. కంబోడియా వాళ్ళ పిల్ల, పుట్టింది మాత్రం న్యూజిలాండ్‌లోనే. పేరుకి కిరణం అని అర్థమట. అంటే మన రశ్మి. బళ్ళో అంత పేరు పలకడం కష్టమని రాక్సీ అనేవారు.

నేను ఇక్కడికి, హామిల్టన్ అనే ఊరికి, వచ్చింది మా ఆయన పోయాక. ఆ ఊరి రోటోటూనా పేటలో మా అమ్మాయి శరణ్య ఇల్లు. కూతురూ అల్లుడూ ఉద్యోగాలకి, మనవరాలు శ్రీజ హైస్కూలుకి వెళ్ళిపోతే ఆ ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు. మాటలు లేకపోవడం నాకు కొత్త కాదు. చిన్నప్పటి నుంచీ నలుగురు చేరిన చోట ఓ మూల చూసుకుని పుస్తకం తెరిచే రకాన్ని. కానీ ఇక్కడి ఇళ్ళు చలికాలంలో గడ్డకట్టిపోతాయి. లైబ్రరీ వెచ్చగా ఉంటుంది. అందుకని రోజూ మధ్యాహ్నం బస్సెక్కి లైబ్రరీకి వెళ్ళేదాన్ని. ఆ చిన్న లైబ్రరీలో తెలుగు పుస్తకాలు ఉండేవి కావు. నా సంచీలో నా పుస్తకం నేనే తీసుకెళ్ళేదాన్ని.

రెండువేల పదమూడు మే నెలలో, ఇక్కడ చలి మొదలవుతున్న రోజుల్లో, ఓ పిల్ల నా బల్ల దగ్గరే ఎదురుగా కూర్చోవడం గమనించాను. శ్రీజ వేసుకునే యూనిఫారమే. బడి వదిలాక వచ్చేది, లావుపాటి ఇంగ్లీషు నవల తెరిచేది, వాళ్ళమ్మ వచ్చి పిలిచేదాకా తల ఎత్తేది కాదు. ఈ కాలంలో ఇలాంటి పిల్ల కూడా ఉందా అని ముచ్చటపడ్డాను. కొన్నాళ్ళకి ఆ ముచ్చట పోయింది. చదివేవాళ్ళకి చదివేవాళ్ళు తెలుస్తారు. కళ్ళు లైను చివరికి వెళ్ళి వెనక్కి వస్తాయి. నచ్చిన చోట ఆగుతాయి. ఒక్కోసారి పాత పేజీకి మళ్ళుతాయి. ఈ పిల్ల కళ్ళు పేజీ మధ్యలో ఒకే చోట నిలబడి ఉండేవి. పేజీ మాత్రం తిరిగేది. ఎప్పుడు తిరుగుతోందా అని చూస్తే, నేను తిప్పినప్పుడు.

అనుమానం తీర్చుకుందామని ఒక రోజు చదవకుండానే వెంటవెంటనే రెండు పేజీలు తిప్పాను. ఆమె ఒకటి తిప్పింది, రెండోది తిప్పబోయి ఆగి, నావైపు చూసి నవ్వేసింది.

మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే. నాది కరీంనగర్ ఇంగ్లీషు, ఆమెది ముక్కుతో పలికే పక్కా కివీ ఇంగ్లీషు. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

“నేను తిప్పినప్పుడల్లా నువ్వూ తిప్పుతున్నావేం?”

“మీరు నిదానంగా తిప్పుతారు యాయ్. అటు పక్క కూర్చునే ముసలాయన ఉన్నాడు చూడండి, ఆయనతో అయితే నా చెయ్యి నొప్పి పుడుతుంది.”

“యాయ్ అంటే?”

“అమ్మమ్మ. మా భాషలో. అలా పిలిస్తే ఫరవాలేదా?”

ఫరవాలేదన్నాను. ఆమె చేతిలో పుస్తకం బల్ల మీద పెట్టించి ఒక లైను కింద వేలు పెట్టి చదవమన్నాను. చిన్న మాటలు గబగబా చదివింది. ‘హార్బర్’ దగ్గర ఆగి, మొదటి అక్షరం చూసి, తరవాత నా మొహం చూసి, “హాస్పిటల్?” అంది. వేలు అక్కడే ఉంచాను. “హాలిడే?” అంది. పుస్తకంలో చూడడం లేదు. జవాబు నా మొహంలో ఉంటుందని వెతుకుతోంది. ఆ వెతకడంలో ఎంత ఆరితేరిపోయిందో నాకు అప్పుడే అర్థమైంది.

“మరి క్లాసులో ఎట్లా?”

“గ్రూపుల్లో పని చేయిస్తారు కదా. నేను హెడింగులు రాస్తాను, బొమ్మలు వేస్తాను. నా చేతిరాత బాగుంటుంది. నేను వాళ్ళ గ్రూపులో కావాలంటే వాళ్ళ గ్రూపులో కావాలని కొట్టుకుంటారు.”

“టీచరు నిన్ను ఏమైనా అడిగితే?”

“నవ్వుతాను. ఏషియన్ పిల్లని కదా. సిగ్గు అనుకుంటారు.”

ఎంత మామూలుగా చెప్పిందంటే, వాన పడితే గొడుగు వేసుకుంటాను అన్నట్టు చెప్పింది.

లైబ్రరీ పక్క సందులో వాళ్ళ బేకరీ. ఈ దేశంలో ఊరూరా మాంసం కూరి కాల్చిన పైలు అమ్మే బేకరీలు ఉంటాయి. వాటిలో చాలామటుకు నడిపేది కంబోడియా కుటుంబాలే. తెల్లవాళ్ళు ఇష్టపడి తినే పైలు చేసేది వీళ్ళు. రక్స్మెయ్ వాళ్ళ నాన్న తెల్లవారకముందే పొయ్యి వెలిగించి, పగలు నిద్రపోయేవాడు. తల్లి ఫల్లీ కౌంటర్ చూసుకునేది. బడికి వెళ్ళేముందు పిండి పరిచి మడిచేది రక్స్మెయ్. ఆమె యూనిఫారం కాలరు మడతలో ఎప్పుడూ కాస్త పిండి ఉండేది.

ఫల్లీ పెరిగింది థాయిలాండ్ సరిహద్దులో ఒక శరణార్థుల క్యాంపులో. అమ్మానాన్నలు యుద్ధంలో పోయారు. బడి అంటే ఏమిటో చూడలేదు. తన భాషలో కూడా సంతకం తప్ప ఏమీ రాయలేదు. ఇంగ్లీషులో “థాంక్యూ”, “హావ్ అ గుడ్ డే” చాలా చక్కగా అంటుంది. అంతకు మించి వచ్చేది కొద్ది. ఇంట్లో పుస్తకం లేదు, చదివి చెప్పేవాళ్ళు లేరు. రక్స్మెయ్‌ని ఐదేళ్ళకి బళ్ళో వేసినప్పుడు, ఇంక టీచర్లు చూసుకుంటారని తల్లి నిశ్చింతగా ఉండిపోయింది. నిశ్చింతగా ఉండాల్సిన చోటే కదా అది!

ఒకసారి రక్స్మెయ్‌ని అడిగాను, పెద్దయ్యాక ఏమవుతావని. ఏ అమ్మమ్మైనా అడిగే ప్రశ్నే.

“ఆవులు,” అంది.

“ఆవులా?”

“పొలాల వైపు డెలివరీకి నాన్నతో వెళ్తాను కదా. ఒకచోట పాలు పితికే షెడ్డులోకి రానిచ్చారు. మూడొందల ఆవులు, అయినా ఎంత నెమ్మదిగా ఉంటుందో తెలుసా? వాటికి నేనంటే ఇష్టం. ఆవుల పని నేర్పే కోర్సు ఉంది. కానీ లెవెల్ వన్ పాసవ్వాలి. మందు సీసాల మీద రాసింది చదవాలి కదా, ఎక్కువ పోస్తే ఆవు చచ్చిపోతుంది.”

కెరీర్ టీచరుకి ఈ ముక్క చెప్తే ఆయన నవ్వాడట. “నువ్వా, పొలంలోనా? అకౌంటింగ్ ఆలోచించు రాక్సీ,” అన్నాడట. అని, ఆమెని తీసుకెళ్ళి పై స్థాయి లెక్కల తరగతిలో కూర్చోబెట్టారు. లెక్కలు వచ్చా అని అడగలేదు. మొహం చూశారు, చాలనుకున్నారు.

ఆ హైస్కూల్లో చదవడంలో వెనకబడ్డ పిల్లలకి ప్రత్యేకంగా నేర్పే తరగతి ఒకటి ఉండేది. దానికి శిక్షణ పొందిన టీచరు ఉంది. అసలు చిక్కు ఎక్కడుందో పరీక్షించి, ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పుతుంది. అందులో చోటు దొరికితే రక్స్మెయ్ ఒడ్డున పడుతుంది. చదవడం రానిదే లెవెల్ వన్ సర్టిఫికెట్ లేదు, సర్టిఫికెట్ లేనిదే ఆవుల కోర్సు లేదు. అడిగేది ఇంతే: ఒక కుర్చీ.

మా అల్లుడు విద్యాసాగర్ ఆ స్కూలు బోర్డులో సభ్యుడు. ఇక్కడ తల్లిదండ్రులు ఓట్లేసి బోర్డుని ఎన్నుకుంటారు; మన తెలుగువాళ్ళలో మొదటి సభ్యుడు ఆయనే. ఒక ఆదివారం టిఫిన్ల దగ్గర లాప్‌టాప్ నావైపు తిప్పాడు. తెర మీద గ్రాఫులో నాలుగు రంగు కడ్డీలు.

“అత్తమ్మా, గీ పొడుగు కడ్డీ ఎవరో చెప్పుండ్రి.”

“నాకేం తెలుస్తది బిడ్డా.”

“మనమే! ఏషియన్స్. పాస్ పర్సెంటేజీల స్కూల్ మొత్తంల మనమే టాప్.”

“రక్స్మెయ్ గూడ అందుల్నే ఉన్నదా?”

“ఎవరు, బేకరీ పిల్లనా? ఉంటది. కంబోడియా అంటే ఏషియానే గద.”

“ఆ పిల్లకు చదువుడు రాదు సాగర్.”

ఆయన ఇడ్లీ ముక్క చేతిలోనే పట్టుకుని నవ్వాడు. “చదువు రాకపోవుడు ఏంది అత్తమ్మా. స్కూల్ల పదకొండో తరగతి పిల్ల.”

“అమ్మమ్మా, రాక్సీ నా మాథ్స్ క్లాస్‌లో ఉంది,” అంది శ్రీజ, ఫోను మీంచి తల ఎత్తకుండా. “షి నెవర్ టాక్స్. సో అందరూ జీనియస్ అనుకుంటారు. ఐ మీన్, నేను కూడా.”

“చూసిండ్రా?” అన్నాడు అల్లుడు.

“ఏం చూడాలె? నిన్ను ఈ దేశమోళ్ళు నీ పట్టా చూసి, నీ వీసా పాయింట్లు లెక్కవెట్టి, ఏరుకోని తెచ్చుకున్నరు. ఆ పిల్ల తల్లిని క్యాంపుల నుంచి ప్రాణం కాపాడనీకె తెచ్చిండ్రు. మీ ఇద్దరిని తెచ్చి ఒక్క కడ్డీల కుక్కినంక, ఎవరు పైన ఉన్నరో ఎవరు అడుగున నలిగిపోతున్నరో కడ్డీ చెప్తదా?”

శరణ్య వంటింట్లోంచి వచ్చి నిలబడింది. నేను ఆ ఇంట్లో అంత గొంతు ఎత్తడం వాళ్ళెవరూ వినలేదు. నేనూ వినలేదు.

“అమ్మా, సాగర్ మీద ఎందుకు అరుస్తున్నవ్? ఆయనేం చేసిండు?”

ఆయన ఏమీ చెయ్యలేదు. అదే నా బాధ. ఆ కడ్డీని చూసి గర్వపడ్డాడు, అంతే. ఆ గర్వం కోసం మనవాళ్ళు ఎంత ఖరీదైనా కట్టిస్తారు, తమ పిల్లల చేత కాదు, పక్కవాళ్ళ పిల్లల చేత. దీపావళి పార్టీల్లో “మన ఏషియన్ పిల్లలు ఎక్కడైనా టాపే” అనే మాట నేను ఎన్నిసార్లు విన్నానో. అన్నవాళ్ళెవరూ ఆ ‘మన’ అన్నదాంట్లో ఎవరెవరు ఉన్నారో తిరిగి చూడలేదు.

స్కూలుకి మేమే వెళ్దామని ఫల్లీతో అన్నాను. ఆమె వద్దు వద్దని చేతులు ఊపింది. తల్లి వెళ్ళి టీచరుని ప్రశ్నించడమా! వాళ్ళ భాషలో టీచరుని క్రూ అంటారు, అది మన గురువే. గురువు చేతిలో పిల్లని పెట్టాక మళ్ళీ వెళ్ళి అడగడం అంటే, నువ్వు సరిగ్గా చెప్పడం లేదు అని మొహం మీద అనడం. మర్యాద తెలిసిన తల్లి చేసే పని కాదు. చేసేదల్లా ఒక్కటే: పేరెంట్స్ మీటింగు పెట్టిన ప్రతిసారీ వేడివేడి పైలు ట్రేలో సర్ది, పైన శుభ్రమైన గుడ్డ కప్పి, స్టాఫ్ రూముకి పంపేది. తాను వెళ్ళేది కాదు. రక్స్మెయ్ ఆ బళ్ళో చేరిన దగ్గర్నుంచీ ఇదే నడుస్తోంది. నా పిల్ల మీ చేతుల్లో ఉంది అని చెప్పడం ఫల్లీ ఉద్దేశం. ఎంత మంచి కుటుంబం, ఇంట్లో పిల్లకి ఎంత ఆసరా ఉందో అని టీచర్లు అనుకున్నారు. అనుకుని, పైలు తిన్నారు.

బతిమాలి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. ఆ రోజు కూడా ట్రే తెచ్చింది.

పదకొండో తరగతి పిల్లల మంచిచెడ్డలు చూసే టీచరుని డీన్ అంటారు. మిసెస్ హాల్డేన్ అని, తెల్లజుట్టు, చల్లని మొహం. చెడ్డమనిషి కాదు. ట్రే చూడగానే, “ఓ ఫల్లీ! మీరు మమ్మల్ని పాడు చేసేస్తున్నారు,” అంది.

నేను సూటిగా చెప్పాను. ఈ పిల్లకి చదవడం రాదు, ఆ ప్రత్యేక తరగతిలో చోటు ఇప్పించండి.

ఆమె తల ఓ పక్కకి వాల్చి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. “రాక్సీ గురించి నాకు ఏ చింతా లేదండీ. మాకు ఉన్నవాళ్ళలో ఆణిముత్యం. కొంచెం మొహమాటం, అంతే. మా ఏషియన్ పిల్లలు చాలామంది అంతే.”

“మొహమాటానికీ చదవడానికీ ఏమిటి సంబంధం?”

“ఇంగ్లీషు రెండో భాష కదా.”

“ఆమె ఇక్కడే పుట్టింది. మీలాగే మాట్లాడుతుంది. మీరు ఆమెతో ఎప్పుడైనా మాట్లాడారా?”

ఆమె మొహం కాస్త బిగిసింది. “చూడండి, ఆ తరగతిలో చోట్లు తక్కువ. ఎవరికి ఎక్కువ అవసరమో లెక్కలు చూసి ఇస్తాం. మావోరీ పిల్లలూ, పసిఫిక్ దీవుల పిల్లలూ ఉన్నారు. ఏషియన్ పిల్లలు మా లెక్కల్లో ఆ కోవలోకి రారు.”

“వాళ్ళకి అవసరం లేదని నేను అన్నానా? వాళ్ళ కుర్చీ లాక్కోమన్నానా? ఇంకో కుర్చీ వెయ్యమంటున్నాను. పిల్లని పిలవండి. మీ చేతిలో ఉన్న ఏ కాగితమైనా ఇవ్వండి. చదవమనండి.”

“అయ్యో, తల్లి ముందు పిల్లని చిన్నబుచ్చడం బాగోదు కదండీ.”

అన్నేళ్ళపాటు క్లాసులో కూర్చోబెట్టి చిన్నబుచ్చడానికి అడ్డురాని సున్నితత్వం, ఒక్క పేజీ చదివించమంటే అడ్డొచ్చింది! నేను నోరు తెరిచేలోపే ఆమె ఫల్లీ వైపు తిరిగింది. “రాక్సీ చదువు గురించి మీరు సంతోషంగానే ఉన్నారా?” అని, ఒక్కొక్క మాటా విడదీసి, గట్టిగా అడిగింది.

ఫల్లీ రెండు చేతులూ జోడించి నవ్వింది. “యెస్ టీచర్. థాంక్యూ టీచర్. వెరీ హ్యాపీ.”

మిసెస్ హాల్డేన్ నావైపు చూసింది. ఇంకేముంది అన్నట్టు.

బయటికి వచ్చాక బస్టాపులో ఫల్లీ మీద మండిపడ్డాను. “సంతోషమా? ఏం చూసి సంతోషం?”

ఆమె వచ్చిన కాస్త ఇంగ్లీషులోనే నాకు చెప్పింది. “నేను కాదు అంటే టీచర్‌కి సిగ్గు. టీచర్‌కి సిగ్గు అయితే నా పిల్లకి ఎవరు నేర్పుతారు?”

మా ఊళ్ళో మా అమ్మ కూడా పంతులుగారి ముందు కొంగు నిండా కప్పుకుని నిలబడి, ఆయన ఏమన్నా “మీ దయ” అనేది. కానీ ఆ పంతులుగారికి ఆ మాట వెనక ఏముందో తెలుసు. ఇక్కడ మర్యాదని మర్యాదగా తీసుకోవడం ఎవరికీ తెలియదు. అవును అంటే అవుననే రాసుకుంటారు. అరిచినవాళ్ళకే అవసరం ఉందని లెక్క. నవ్వినవాళ్ళకి ఆణిముత్యాలని పేరు.

ఆ చలికాలమంతా లైబ్రరీలో నేనే ఆమెకి నేర్పడానికి చూశాను. నాకు చదవడం వచ్చు. చదవడం రాని పిల్లకి అది ఎక్కడ తెగిందో కనిపెట్టడం రాదు. పిల్లల పుస్తకాలు తెచ్చి ముందు పెట్టాను. సోమవారం చక్కగా చదివిన మాట బుధవారానికి ఆమెకి కొత్త మాటైపోయేది. అక్షరాలు అటుదిటూ ఇటుదటూ అయ్యేవి. ఒళ్ళు దాచుకోవడం కాదది. నుదుటి మీద చెమట పట్టేది, ఆ చలిలో. దానికి వైద్యం తెలిసిన మనిషి అదే బళ్ళో, ఆమె క్లాసుకి రెండు గదుల అవతల కూర్చుని ఉంది.

“యాయ్, మీరు చదువుతుంటే పెదవులు కదులుతాయి తెలుసా?” అనేది మధ్యలో, విసుగు పుట్టినప్పుడు.

“కదిలితే కదలనీ. నువ్వు మాట మార్చకు.”

“ఆవులు నెమరేసినట్టు ఉంటుంది. తిట్టడం లేదు. నాకు ఆవులంటే ఇష్టమని చెప్పాను కదా.”

నవ్వించేది. నవ్వించి, పుస్తకం మూసేటప్పుడు చూపు పక్కకి తిప్పుకుని, “మీ అల్లుడు ఏమైనా అన్నారా?” అని అడిగేది. చోటు గురించి అని నాకు తెలుసు; బోర్డులో అడగమని అల్లుణ్ణి పోరుతున్నానని ఆమెకి చెప్పాను. ఇంకా లేదు అనేదాన్ని. ఆమె సరే అన్నట్టు కనుబొమలు ఎగరేసేది. అక్టోబరులో ఆమెకి పదహారు నిండుతాయి. పదహారు నిండితే బడి మానెయ్యొచ్చని ఇక్కడి చట్టం. “మానేస్తే పెద్ద తేడా ఏముంటుంది?” అని ఒకసారి అంది. “చోటు ఇస్తే మానను. ఇస్తే అమ్మతో కూడా చెప్తాను, కాస్త వెనకబడడం కాదు, నాకు చదవడమే రాదని. ఇవ్వకపోతే ఎందుకు చెప్పి ఏడిపించడం?”

ఇంట్లో నేను మౌనవ్రతం పట్టినంత పని చేశాక, అల్లుడు దిగొచ్చాడు. బోర్డు మీటింగులో మాట్లాడతానన్నాడు. మాట్లాడి వచ్చిన మర్నాడు పొద్దున, చాయ్ కప్పుతో నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

“అయిపోయింది అత్తమ్మా, మీ పని.”

“చోటిచ్చిండ్రా?”

“చోటు కాదు. బేకరీ పిల్ల గురించి చెప్పిన. ఇట్ల ఒక పిల్ల మస్తు కష్టపడుతున్నది, ఎవరూ పట్టించుకుంటలేరు అన్న. ప్రిన్సిపల్ గారు మంచిగ తీసుకున్నరు. ఈసారి ప్రైజ్ గివింగ్‌ల ఆమెకు డిలిజెన్స్ కప్ ఇస్తున్నరు.”

“ఏం కప్పు?”

“కష్టపడి పనిచేసేటోళ్ళకు ఇచ్చేది. పెద్ద ఆనర్ అత్తమ్మా. మన శ్రీజకు గూడ రాలె.”

“చదువుడు రాదని చెప్పినవా, లేదా?”

ఆయన కప్పులోకి చూశాడు. “అంత మంది ముందర, మన ఏషియన్ పిల్లకు చదువుడు రాదని నా నోటితోటి ఎట్ల చెప్పాలె? కష్టపడుతున్నదని చెప్పిన. అర్థం చేసుకుంటరు గద.”

అర్థం చేసుకున్నారు. ఎలా కావాలో అలా.

రక్స్మెయ్‌కి ఆ సంగతి మిసెస్ హాల్డేన్ చెప్పిందట. సాయంత్రం లైబ్రరీకి వచ్చి, కూర్చోకుండా నిలబడే చెప్పింది.

“నాకు కప్పు ఇస్తారట.”

“విన్నాను. మరి ఆ తరగతి సంగతి అడిగావా?”

“అడిగాను.” ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగని పిల్ల, అడిగింది! “కప్పు వచ్చినవాళ్ళు ఆ తరగతికి వెళ్ళరట యాయ్. బాగోదట. నా ఫ్రెండ్స్ ఏమనుకుంటారు అన్నారు.”

నేను లేచి నిలబడ్డాను. ఎక్కడికి వెళ్దామని లేచానో నాకే తెలియదు. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, “కూర్చోండి. మీకు బీపీ ఉందన్నారు కదా,” అంది. ఆ రోజు పుస్తకం తెరవలేదు.

నవంబరు మొదట్లో ప్రైజ్ గివింగ్. అప్పటికి రక్స్మెయ్‌కి పదహారు నిండాయి. శ్రీజకి లెక్కల్లో బహుమతి ఉంది కనుక మా ఇంటిల్లిపాదీ వెళ్ళాం. ఆ మధ్యాహ్నం తరవాత నేను రక్స్మెయ్‌ని చూడలేదు. ఈ దేశపు దక్షిణ దీవిలో మేనమామ బేకరీ నడుపుతున్నాడని, బడి మానేసి అక్కడికి వెళ్ళిందని ఫల్లీ చాలా రోజుల తరవాత చెప్పింది. నంబరు అడిగితే, పిల్ల ఎవరికీ ఇవ్వొద్దందని తల దించుకుంది. అందుకని ఆ మధ్యాహ్నం నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను.

పెద్ద హాలు. వేదిక మీద పూలకుండీలు, టీచర్లకి నల్లగౌన్లు. ఫల్లీ నా పక్కనే కూర్చుంది. బేకరీకి మధ్యాహ్నం సెలవు పెట్టి, పట్టుబట్ట చుట్టుకుని వచ్చింది. ఆమె భర్త కూడా వచ్చాడు. పగలు నిద్రపోవాల్సిన మనిషి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అయినా నిటారుగా కూర్చున్నాడు. శ్రీజ పేరు పిలిచినప్పుడు అల్లుడు లేచి ఫొటోలు తీశాడు. మనవాళ్ళ పిల్లల పేర్లు వరసగా వచ్చాయి. చప్పట్లు కొట్టీ కొట్టీ నా చేతులు మొద్దుబారాయి.

డిలిజెన్స్ కప్పు దగ్గర ప్రిన్సిపల్ కాగితం పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి మాట్లాడాడు. “ఈ అమ్మాయి ఎప్పుడూ ఏ ఫిర్యాదూ చెయ్యలేదు. ఏ సాయమూ అడగలేదు. మా ఏషియన్ కుటుంబాలు మా అందరికీ నేర్పుతున్నది ఇదే: నిశ్శబ్దంగా పనిచేసుకుపోవడం. రాక్సీ, నువ్వు మాకు ఆదర్శం.”

అడగలేదట. తల్లిని వెంటబెట్టుకుని నేను అడిగాను. బోర్డులో ఉన్న మా అల్లుడు అడిగినట్టు నటించి వచ్చాడు. ఆఖరికి పిల్ల తానే నోరు తెరిచి అడిగింది. అడగలేదని, మైకులో, వందలమంది ముందు!

రక్స్మెయ్ మెట్లెక్కింది. జుట్టు బిగించి జడ వేసుకుంది. ప్రిన్సిపల్ కుడిచేత్తో చెయ్యి కలిపి ఎడమచేత్తో కప్పు ఇచ్చాడు. దాని మీద పాత విజేతల పేర్లు చెక్కి ఉన్నాయి. ఆమె దాన్ని ఒకసారి చేతుల్లో తిప్పి చూసింది; ఏం చూసిందో దేవుడికే తెలియాలి. హాలంతా చప్పట్లు. ఫొటోగ్రాఫరు ఇటు చూడమని చెయ్యి ఊపాడు. ఆమె చూసింది. క్లాసులో నవ్వే నవ్వే నవ్వింది.

అటువైపు మెట్లు దిగింది. మెట్ల కింద మిసెస్ హాల్డేన్ నిలబడి ఉంది, వాళ్ళ వాళ్ళ కుర్చీల వైపు దారి చూపించడానికి. రక్స్మెయ్ కప్పుని ఆమె చేతుల్లో పెట్టింది. పట్టుకోమన్నట్టు, ఇప్పుడే వస్తానన్నట్టు, ఎంతో మర్యాదగా పెట్టింది. మిసెస్ హాల్డేన్ నవ్వుతూ అందుకుంది. నా పక్కన ఫల్లీ ఇంకా చప్పట్లు కొడుతూనే ఉంది. కొడుతూ నావైపు తిరిగి, కళ్ళనిండా నీళ్ళతో, “గుడ్ టీచర్స్,” అంది.

నేను మళ్ళీ అటు తిరిగేసరికి రక్స్మెయ్ తన వరస దాటేసింది. శ్రీజ కూర్చున్న వరసా దాటింది. మేమున్న వైపు చూడలేదు. పరుగెత్తలేదు కూడా. గోడ వెంబడి నడుచుకుంటూ పక్క తలుపు దాకా వెళ్ళి, దాని ఇనుప కడ్డీని తోసింది. ఒక్క క్షణం బయటి ఎండ లోపల నేల మీద పడింది. తలుపు దానంతటదే మూసుకుంది. వేదిక మీద తరవాతి పేరు పిలిచారు.